హెడ్ దించే ముందు

(నెల్లూరులో పాత కార్ల యజమానులు ఒక ఆదివారం ఉదయం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

బయట వేపచెట్టు కింద తెల్ల ప్రీమియర్ పద్మిని కారు ఒకటి ఆగి ఉంది, వచ్చేటప్పుడు చూసే ఉంటారు. దాన్ని నిన్న సాయంత్రం కోవూరు నుంచి తాడు కట్టి లాక్కొచ్చారు. నెల రోజులుగా రోజూ చెంబెడు నీళ్లు తాగుతోందట. బండి కింద చుక్క కనపడదు. ఇద్దరు మేస్త్రీలు చూశారు, ఇద్దరూ ఒకే మాట చెప్పారు: "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి." అంటే ఇంజన్ పైభాగం విప్పాలన్నమాట. నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. మన మాటలు అయ్యాక అందరం వెళ్లి చూద్దాం. నిన్నటి నుంచి దాన్ని స్టార్ట్ చేయొద్దని నేనే చెప్పాను. ఎందుకో మధ్యలో చెప్తాను.

నాది 1982 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు బండి. మా నాన్న ఒంగోలులో టాక్సీగా నడిపారు. ఆ బండి మీద వచ్చిన డబ్బులతోనే మేం చదువుకున్నాం. అందుకే దాని ఇంజన్ మీద ఎవరైనా సమ్మెట వేస్తే నాకు నొప్పి పుడుతుంది. కొన్నేళ్ల కిందట మే నెలలో నెల్లూరులో పెళ్లికి బయల్దేరాం. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు కదా, అలాంటి ఎండ. సింగరాయకొండ దాటి తెట్టు దగ్గరికి వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. బండి పక్కకు తీసి అరగంట ఆగాం. మళ్లీ బయల్దేరితే పది కిలోమీటర్లకు మళ్లీ అంతే. దారిలో ఒక షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి, ఆవిరి చూసి, అక్కడికక్కడే తేల్చేశారు. గ్యాస్కెట్ పోయిందన్నారు. నేను సరేనన్నాను. మర్నాడు హెడ్ దించారు. పాత గ్యాస్కెట్ చేతిలోకి తీసుకుని చూస్తే రాగి అంచులు చెక్కుచెదరలేదు. ఎక్కడా నల్లగా కాలిన చార లేదు. అయినా కొత్తది వేసి బిగించారు. మూడు వారాల తర్వాత అదే రోడ్డు మీద అదే వేడి.

చివరికి తేలిందేమిటంటే, రేడియేటర్ కింది పైపు. ఆ రబ్బరు పైపు లోపల ఒక స్ప్రింగు ఉండాలి. అది తుప్పు పట్టి ఎప్పుడో కరిగిపోయింది. బండి నిలబెట్టి చూస్తే పైపు గుండ్రంగానే ఉంటుంది. డెబ్బై కిలోమీటర్ల స్పీడు దాటగానే వాటర్ పంపు గట్టిగా పీల్చేసరికి పైపు చప్పిడైపోయి నీళ్ల దారి మూసుకుపోతోంది. ఒక పైపు, రెండు క్లిప్పులు మారిస్తే పోయేదానికి నా ఇంజన్ నడుం విప్పారు. టౌనులో ఎంత తిప్పినా వేడెక్కేది కాదు, హైవే మీదే ఎక్కేది. ఆ ఒక్క సంగతి ఎవరైనా నన్ను అడిగి ఉంటే హెడ్ జోలికి వెళ్లాల్సిన పనే ఉండేది కాదు. వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

నాలుగేళ్ల తర్వాత అదే బండికి గ్యాస్కెట్ నిజంగానే పోయింది. దాని సంగతి తర్వాత.

గ్యాస్కెట్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, చాలామందికి తెలిసిందే. కింద బ్లాక్, పైన హెడ్. రెండింటి మధ్య పల్చటి పొర. ఆ పొర పట్టి ఉంచాల్సినవి మూడు. సిలిండర్‌లో మండే గ్యాసు, చుట్టూ తిరిగే నీళ్లు, వాల్వులను తెరిచే రాకర్లకు ఎక్కే ఆయిలు. ఈ మూడూ ఒకదాని దారిలోకి ఇంకొకటి రాకుండా చూడటమే దాని పని. ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి రోగ లక్షణం మారుతుంది. రెండు సిలిండర్ల మధ్య తెగితే నీళ్లు తగ్గవు, ఆయిల్ చెడదు, బండి మిస్సింగ్ కొడుతూ పికప్ పోతుంది. సిలిండర్‌కీ నీళ్ల దారికీ మధ్య తెగితే గ్యాసు రేడియేటర్‌లోకి, నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తాయి. ఆయిల్ దారికీ నీళ్ల దారికీ మధ్య తెగితే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారుతుంది. ఇవన్నీ ఒకేసారి కనపడాలని లేదు.

మన బండ్లలో ఒక తేడా గుర్తుపెట్టుకోండి. అంబాసిడర్ పాత 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌కి బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమే. పద్మిని 1089 సీసీ ఇంజన్‌కి బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. అందుకే పద్మిని ఒక్కసారి బాగా హీటెక్కితే హెడ్ వంగుతుంది. అంబాసిడర్ హెడ్ అంత తేలిగ్గా వంగదు గానీ పగుళ్లిస్తుంది. మరిగే ఇంజన్‌లో చన్నీళ్లు కుమ్మరిస్తే పగులు గ్యారంటీ అనుకోండి. రోడ్డు మీద బండి ఆగిపోతే రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. పై పైపు చేత్తో నొక్కితే మెత్తగా ఉండాలి, చెయ్యి పెట్టగలగాలి. అప్పటిదాకా చెట్టు నీడన కూర్చోండి. మూత తీసి ముఖాలు కాల్చుకున్న డ్రైవర్లను నేను చిన్నప్పుడే చూశాను.

ఇక అనుమానం. వేడెక్కినంత మాత్రాన గ్యాస్కెట్ పోయినట్టు కాదు. ఫ్యాన్ బెల్టు వదులైనా వేడెక్కుతుంది. ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, వెనక్కి జరిగినా అంతే. రేడియేటర్ మూతలో రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు. మూత పట్టి ఉంచే ఒత్తిడి చదరపు అంగుళానికి ఒక్కో పౌండు పెరిగే కొద్దీ నీళ్లు మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీలు పైకి జరుగుతుంది. మూత పనికిమాలినదైతే నూరు డిగ్రీలకే మరిగి, పొర్లి, నీళ్లు తగ్గిపోతాయి. బ్లాక్ పక్కన రేకు బిళ్లలుంటాయి, వెల్చ్ ప్లగ్గులు. అవి తుప్పు పట్టి వేడి మీద మాత్రమే సన్నగా కారితే, ఆ నీళ్లు నేల మీద పడేలోపే ఆవిరైపోతాయి. పద్మిని యజమాని చుక్క కనపడదన్నాడు కదా, ఆ మాట వినగానే నాకు ముందు ఈ బిళ్లలే గుర్తొచ్చాయి.

సైలెన్సర్‌లో తెల్లపొగ చూసి చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. మార్గశిరం చలిలో పొద్దున్నే స్టార్ట్ చేస్తే మంచి బండికీ తెల్లగా వస్తుంది. ఐదు నిమిషాల్లో ఆగిపోతే అది గొట్టంలో పట్టిన తేమ. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా ఆగకుండా తెల్లగా వస్తూ, రేడియేటర్ నీళ్లలో కూలెంట్ అనే ద్రవం కలిపే బండైతే కాస్త తియ్యటి వాసన వేస్తుంటే అప్పుడు ఆలోచించాలి. ఆయిల్ మూత లోపల పేరుకునే తెల్లటి మీగడా అంతే. మన నెల్లూరుకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ. ఆ రోజుల్లో బండిని వీధి చివరిదాకా తీసుకెళ్లి తెచ్చి పెట్టేస్తుంటే లోపలి తేమ ఆవిరి కాక మూత దగ్గర మీగడలా పడుతుంది. మూత చూసి తీర్పు చెప్పకండి. ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ తీయండి. దాని మీద కూడా పాలరంగు ఉంటే నీళ్లు కిందిదాకా వెళ్లాయన్నమాట. సందేహంగా ఉంటే ఒక పాత గరిటెలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి స్టవ్ మీద పెట్టండి. నీళ్లుంటే పోపు గింజల్లా చిటపటమంటుంది. నీళ్లు లేని ఆయిల్ చప్పుడు చేయదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే పరీక్ష. దీనికి ఏ మిషనూ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి, రాత్రంతా ఆగి ఉండాలి. పద్మినిని స్టార్ట్ చేయొద్దన్నది అందుకే. ఫ్యాన్ బెల్టు తీసెయ్యాలి. బెల్టు ఉంటే పంపు నీళ్లను కలియదిప్పి తనే బుడగలు పుట్టిస్తుంది. నీళ్లు వేడెక్కేదాకా దారి మూసి ఉంచే థర్మోస్టాట్ ఉంటే అదీ తీసి పక్కన పెట్టాలి. లేకపోతే అది మూసుకుని ఉండి గ్యాసును హెడ్‌లోనే ఆపేస్తుంది. రేడియేటర్‌ను అంచుదాకా నింపి, మూత తీసే ఉంచి, స్టార్ట్ చేయాలి. మొదట్లో రెండు మూడు బుడగలు వస్తాయి. అది లోపల చిక్కుకున్న గాలి, పట్టించుకోవద్దు. అది ఆగాక చూడండి. ఆక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ వరసగా, లెక్క పెట్టినట్టు బుడగలు వస్తుంటే సిలిండర్‌లోని గ్యాసు నీళ్లలోకి వస్తోంది. అప్పుడు ఒక్కో ప్లగ్ వైరు తీసి చూడండి. కరెంటు తగిలే వైర్లు కాబట్టి రబ్బరు పిడి ఉన్న పట్టకారుతోనే తీయాలి. తీసిన వైరును బాడీకి ఆనించి పెట్టాలి. ఏ వైరు తీస్తే బుడగలు తగ్గాయో ఆ సిలిండర్ దగ్గరే రంధ్రం. ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోవాలి. పంపు తిరగని ఇంజన్‌ని అంతకంటే నడపకూడదు.

బుడగ పరీక్ష తేల్చకపోతే ఇంకొకటుంది. రేడియేటర్ నోటి మీద పెట్టే గాజు గొట్టం, అందులో నీలం రంగు ద్రవం. నీళ్ల నుంచి వచ్చే గాలిలో మండిన గ్యాసు ఉంటే నీలం పసుపుకి తిరుగుతుంది. నీళ్లే గొట్టంలోకి ఎక్కకుండా ముందు రేడియేటర్ మట్టం కొంచెం దించుకోవాలి. నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది, ఇంటికొకటి అక్కర్లేదు.

ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల పుట్టే ఒత్తిడి. నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు బాడీకి కలిపి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో ప్లగ్ రంధ్రంలో ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టి ఐదారు తిప్పులు తిప్పాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకపోతే నాలుగో సిలిండర్ వచ్చేసరికి నీరసపడి తప్పు లెక్క ఇస్తుంది. ఒక్కో అంకె ఎంతన్నదాని కంటే నాలుగింటికీ మధ్య తేడా ముఖ్యం. నా బండికి నిజంగా గ్యాస్కెట్ పోయినప్పుడు ఒకటి, రెండు సిలిండర్లు 120, 118 పౌండ్లు చూపించాయి. మూడు, నాలుగు చూస్తే 65, 60. పక్కపక్కనున్న రెండూ కలిసి పడిపోయాయంటే మధ్యలో గోడ తెగినట్టే. ఒక చెంచా ఇంజన్ ఆయిల్ ప్లగ్ రంధ్రంలో పోసి మళ్లీ చూశాను. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. పెరగలేదు. అప్పుడు, అన్నీ సరిచూసుకున్నాక, హెడ్ దించుదామని నేనే అన్నాను.

ప్లగ్గులు తీసినప్పుడు వాటి ముఖాలు కూడా చూడండి. మూడు ప్లగ్గులు గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రం కడిగిపెట్టినట్టు శుభ్రంగా ఉంటే, ఆ సిలిండర్‌ను రోజూ నీటి ఆవిరి కడుగుతోందన్నమాట. ఇంకో జాగ్రత్త. రాత్రి ఆపిన బండి పొద్దున సెల్ఫ్ కొడితే ఠక్కున ఆగిపోయిందంటే రెండోసారి కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లు నిలిచి ఉండొచ్చు. నీళ్లు అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు తీసి తిప్పితే నీళ్లు చిమ్మి బయటపడతాయి.

పసుపు సంగతి చెప్పకపోతే మీరే అడుగుతారు. రేడియేటర్ చిల్లికి పసుపు వెయ్యటం మన లారీ డ్రైవర్ల పాత చిట్కా. సూదిమొన చిల్లికి ఇల్లు చేరేదాకా అది పనిచేయొచ్చు. గ్యాస్కెట్‌కి మాత్రం పనిచేయదు. సిలిండర్ ఒత్తిడి ముందు పసుపు ఎంత? అది పోయి రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. డబ్బాల్లో అమ్మే లీకు పొడులూ అంతే. మీ బండి మీకు ముఖ్యమైతే ఇలాంటివి దాంట్లో పోయకండి.

హెడ్ దించాల్సిందేనని తేలితే, తొందర పడకుండా దించండి. ఇంజన్ చల్లబడ్డాకే నట్లు వదులు చేయాలి, అదీ ఒకేసారి కాకుండా బిగించే వరసకి ఎదురుగా కొంచెం కొంచెంగా. అంబాసిడర్ వాళ్లు ఒకటి గమనించండి. రాకర్ షాఫ్టును పట్టుకున్న నట్లలో నాలుగు హెడ్‌ని కూడా పట్టుకుని ఉంటాయి. రాకర్లు మాత్రమే తీస్తున్నాం కదా అని ఆ నాలుగూ వదిలి మిగతావి బిగించే ఉంచితే హెడ్ మెలిపడుతుంది. అన్నీ కలిపే వదులు చేయాలి. పుష్ రాడ్లను అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు చేసి వరసగా గుచ్చి పెట్టుకోండి. హెడ్ అంటుకుపోయి రాకపోతే అతుకులో స్క్రూడ్రైవర్ దూర్చి కొట్టే అలవాటు మన షెడ్లలో ఉంది. దయచేసి కొట్టనివ్వకండి. ఆ గీత తర్వాత ఎప్పటికీ లీకే. పాత గ్యాస్కెట్లలో రాగి రేకుల మధ్య ఆస్‌బెస్టాస్ ఉండేది. పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి గీకండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

ఆ పాత గ్యాస్కెట్‌ను మాత్రం పారేయనివ్వద్దు. మేస్త్రీని అడిగి తీసుకోండి. కాలిన నల్ల చార ఎక్కడుందో చూడండి. నాకు మొదటిసారి జరిగిన పొరపాటు బయటపడింది దాన్ని చూశాకే. చార లేదంటే అసలు రోగం ఇంకెక్కడో ఉంది, లేదా హెడ్‌లోనే పగులు ఉంది. పగులు కంటికి కనపడదు. లేత్ షాపులో హెడ్ నీళ్ల దారులన్నీ మూసి, వేడినీళ్ల తొట్టిలో ముంచి గాలి పట్టిస్తే బుడగ వచ్చిన చోట తెలుస్తుంది.

హెడ్ మట్టంగా ఉందో లేదో సరైన ఉక్కు స్కేలు పొడవునా, ఐమూలగా పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడాలి. 0.05 మిల్లీమీటర్ల రేకు దూరకపోతే నిశ్చింతగా ఉండొచ్చు. 0.10 రేకు దూరుతుంటే ఫేసింగ్ కొట్టించాలి, అంటే ముఖం చదునుగా చెక్కించాలి. ఎంత తక్కువ తీస్తే అంత మంచిది. ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరిగి ఇంజన్ కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవటమే కొత్త గ్యాస్కెట్‌ను మళ్లీ తినేస్తుంది. పద్మిని హెడ్ అల్యూమినియం కాబట్టి నీళ్ల రంధ్రాల చుట్టూ పుచ్చిపోయి ఉంటుంది. అలా ఉంటే వెల్డింగ్ చేయించి, ఆ తర్వాత ఫేసింగ్. హెడ్ ఒక్కటే చూసి ఊరుకోకుండా బ్లాక్ పై ముఖం కూడా చూడాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు.

కొత్త గ్యాస్కెట్‌ని పాతదాని మీద పెట్టి ప్రతి రంధ్రం సరిచూడండి. పైకి ఏ వైపు ఉండాలో దాని మీద రాసి ఉంటుంది. బిగించేటప్పుడు బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచ్ తప్పనిసరి. చేతి అంచనాతో బిగించే పెద్ద మేస్త్రీల మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ ఒక్క పనికి వద్దు. మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, మూడు విడతలుగా బిగించాలి. ఎంత బిగింపు అన్నది మీ బండి వర్క్‌షాప్ పుస్తకంలో చూసి వేయండి, ఫోన్‌లో ఎవరో చెప్పిన అంకె వేయకండి. ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక, పుస్తకం చెబితే, ఒక్కో నట్టూ మళ్లీ సరిచూడాలి. టాపెట్లూ, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్న సందు, మళ్లీ సెట్ చేయాలి. దానికి తొమ్మిది లెక్క తెలుసు కదా. ఒకటో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి, మూడోది తెరుచుకున్నప్పుడు ఆరోది. రెండూ కలిపితే తొమ్మిది. నీళ్లు కలిసిన ఆయిల్ అయితే ఒక్క రోజు కూడా ఉంచకండి, బేరింగులు తినేస్తుంది.

ఇక నా బండికి రెండోసారి నిజంగా ఎందుకు పోయిందో చెప్పాలి. హెడ్ దించాక బ్లాక్ లోపలికి టార్చి వేసి చూస్తే, నాలుగో సిలిండర్ చుట్టూ వేలి మందాన తెల్లటి పొర, దాని అడుగున ఎర్రటి బురద. పంపుకి దూరంగా ఉన్న సిలిండర్ అదే. వెనక డ్రెయిన్ ట్యాప్ తిప్పితే చుక్క రాలేదు, తీగ పెట్టి పొడిస్తే గానీ దారి తెరుచుకోలేదు. అది మా బోరునీళ్ల సున్నం. మన ప్రాంతం సంగతి మీకు తెలియంది కాదు. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఫ్లోరైడ్ భయంతో జనం క్యాన్ నీళ్లు కొనుక్కుని తాగుతారు. తీరం వెంట చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పు తగులుతుంది. మనం తాగటానికి పనికిరావని పక్కన పెట్టిన నీళ్లే రేడియేటర్‌లో పోశాం. నేను ముప్పై ఏళ్లు అదే చేశాను, మా నాన్నా అదే చేశారు. వేడి తగిలిన చోటల్లా ఆ సున్నం పేరుకుంటుంది. ఇనుముకీ నీళ్లకీ మధ్య గోడ కడుతుంది. ముల్లు మామూలుగానే చూపిస్తుంది, ఆ ఒక్క సిలిండర్ మాత్రం లోపల ఉడికిపోతుంటుంది.

ఇప్పుడు నేను డిస్టిల్డ్ వాటర్ కొంటాను. దొరకనప్పుడు ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు, పంపు నీళ్లు మాత్రం వద్దు. అందులో కూలెంట్ కలుపుతాను. కూలెంట్ మంచు కురిసే దేశాలకేనని మనవాళ్లు అనుకుంటారు. గడ్డకట్టకుండా ఆపటం దాని పనుల్లో ఒకటి. మరిగే వేడిని పెంచటం, తుప్పు ఆపటం మిగతావి. మనకు కావాల్సింది ఆ రెండే. పాత కూలెంట్ తీసినప్పుడు మురిక్కాలవలో, వీధిలో పోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, గొడ్లు తాగుతాయి, అది విషం.

మీలో కొందరు కొత్త పెట్రోలు గురించి అడిగారు. ఇథనాల్ ఎక్కువ కలిసినప్పుడు కార్బురేటర్ బండికి మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ కాస్త వేడిగా నడుస్తుంది. అందుకని కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్టు, టైమింగ్ ఒకసారి తెలిసినవాళ్లతో చూపించుకోండి. అంతకంటే లోతుగా ఇంకోరోజు మాట్లాడుకుందాం.

ఎండ పెరుగుతోంది, ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే వెళ్దాం. పద్మిని బెల్టు పొద్దున్నే తీసేశాను. థర్మోస్టాట్ తీద్దామని చూస్తే ఎవరో ఎప్పుడో తీసేసి ఉన్నారు, అదీ రాసుకున్నాను. రెండు క్యాన్ల నీళ్లు చెట్టు కింద పెట్టాను. ఆ తమ్ముడు స్టీరింగ్ దగ్గర కూర్చుంటాడు. టైం చూసే పని ఒకరు తీసుకోండి, రెండు నిమిషాలు కాగానే ఆపమని గట్టిగా చెప్పాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు రేడియేటర్ దగ్గర ముందు నిలబడండి. మొదటి బుడగలు ఆగిపోయేదాకా ఎవరూ ఏమీ అనొద్దు. పదండి.